పైన్‌లో ఉన్న మనిషి

జ్ఞానశేఖర్ ప్రభువునందు నిద్రించిన కబురు సంఘంలో అందరికీ జ్ఞానశేఖరే పంపాడు.

సీతాఫల్‌మండిలో అలాగే చెప్పుకున్నారు. సంఘంలో కంప్యూటరున్న ప్రతి ఇంటికీ ఒక మెయిల్ వెళ్ళింది. పంపినవారు జ్ఞానశేఖర్ అని ఉంది. లోపల, ‘మన ప్రియ సహోదరుడు జ్ఞానశేఖర్ గారు ప్రభువునందు నిద్రించారు, గురువారం సాయంత్రం వారి ఇంట్లో ఆదరణ కూడిక’ అని ఉంది. అన్నిటికంటే కింద, చిన్న గీత గీసి, ‘మళ్ళీ కలుద్దాం. మీ జ్ఞానశేఖర్’ అని ఉంది.

చదివినవాళ్ళలో కొందరు వెంటనే కంప్యూటరు ఆపేశారు. ఒకావిడ ఆపడం చేతకాక దాని మీద దుప్పటి కప్పేసిందట.

పంపింది అతని భార్య కాంతమణి. సమాధుల తోటలో అతన్ని ఉంచి వచ్చిన మర్నాడు, “అమ్మా, ఆ మెయిల్ పని నీకు తెలుసు కదా, అందరికీ ఒక ముక్క పంపెయ్యి” అని పాస్టరుగారు అంటే, కూర్చుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. కింద ఆ రెండు వరుసలూ ముందే ఉన్నాయి. ఎప్పుడూ ఉంటాయి. శుభలేఖ అంచున అచ్చేసిన తీగలాగా అవి కాగితంతోపాటే వస్తాయి. వాటికి కూడా ఒక అర్థం ఉంటుందని ఆ రోజు ఆమెకు తోచలేదు.

కాంతమణిది నరసాపురం వైపు పల్లె. మిషన్ బడిలో ఐదో తరగతి దాకా చదివింది. తెలుగు బైబిలు గడగడా చదువుతుంది. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపడుతుంది, మాటలు కూడబలుక్కుంటుంది. పిల్లలు కలగలేదు. జ్ఞానశేఖర్ లెక్కల ఆఫీసులో గుమాస్తా. ఆఫీసువాళ్ళు పాత సామాను వేలం వేసినప్పుడు ఒక కంప్యూటరు కొని, రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. దానికి మౌసు లేదు. బొమ్మలు రావు. ఫోను తీగలోంచి కీచుమని అరిచి, గొంతు సవరించుకుని, ఎక్కడికో వెళ్ళేది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు లేచేవి. ఉత్తరాలు చదివే ఆ ప్రోగ్రాము పేరు పైన్.

ఆ పేరుతో మొదటి వారంలోనే తగువు వచ్చింది.

“ఏవండీ, ఎక్కడున్నారు?” అని వంటింట్లోంచి కేకేసింది కాంతమణి.

“పైన్‌లో ఉన్నా.”

మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళి చూసింది. అక్కడ ఎదురు వాటా జుబేదా చీరలు ఆరుతున్నాయి, మనిషి లేడు. రొప్పుతూ కిందికి వచ్చేసరికి ముందుగదిలో తెర ముందు కూర్చుని నవ్వుతున్నాడు. అప్పటినుంచీ అది ఇంటి మాటైపోయింది. “అన్న యాడున్నడక్కా?” అని జుబేదా అడిగితే “పైన్‌లో” అనేది. “గింత ఎండల పైనేం జేస్తుండు?” అని ఆమె బుగ్గలు నొక్కుకునేది.

ప్రోగ్రామును మొదట సిద్ధం చేసుకున్న సాయంత్రం కాంతమణికి బాగా గుర్తు. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. అతను తెర మీద వరుసగా ఉన్న ఖాళీలు నింపుతూ, “పేరేమని పెట్టమంటావు? ఒకసారి పెడితే మనం పంపే ప్రతి ఉత్తరం నెత్తినా ఇదే ఉంటుంది” అన్నాడు.

“మీ పేరే పెట్టండి. ఊళ్ళోవాళ్ళ పేరెందుకు?”

“కింద సంతకం దగ్గర ఏదైనా మంచి మాట రాసుకోవచ్చట. ఏం రాయను?”

“ఏదో ఒకటి. మళ్ళీ కలుద్దాం అని రాయండి.”

“పెళ్ళిచూపులకొచ్చి నచ్చక వెళ్ళిపోయేవాళ్ళ మాటలా ఉందే” అన్నాడు గాని, అదే కొట్టాడు.

తర్వాత సంఘంవాళ్ళ ప్రార్థన మనవులన్నీ పోగుచేసి వారం వారం అందరికీ పంపే పని అతనికే వచ్చింది. కంటి ఆపరేషనై కట్టు కట్టినన్నాళ్ళూ అతను చెబుతుంటే కాంతమణి కొట్టింది. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. సి కొడితే కొత్త కాగితం. కంట్రోలు పట్టుకుని ఎక్స్ కొడితే ‘పంపనా?’ అంటుంది, వై కొట్టాలి. చారుకి పోపు ఎప్పుడు వెయ్యాలో చేతికి తెలిసినట్టు అవి ఆమె వేళ్ళకు తెలిసిపోయాయి. అంతకుమించి ఏ మీటా ముట్టుకునేది కాదు.

అతను పోయిన రోజు మధ్యాహ్నం ఏదో రాస్తూ కూర్చున్నాడు. కాంతమణి వడ్డించి, “అన్నం చల్లారిపోతోంది” అని కేకేసింది. “వస్తున్నా, దీన్ని పక్కన పెట్టి వస్తున్నా” అన్నాడు. వచ్చాడు. తిన్నాడు. చెయ్యి కడుక్కుని మంచం మీద ఒరిగాడు. కాఫీ తెచ్చి లేపితే లేవలేదు.

ఆ పక్కన పెట్టింది అలాగే ఉంది. పైన్ మర్చిపోదు. సి కొట్టగానే, కొత్త కాగితం ఇచ్చే ముందు, తెర అడుగున ఒక వరుస వెలుగుతుంది. పక్కన పెట్టిన ఉత్తరం ఒకటుంది, కొనసాగిస్తారా, వద్దంటే చెరిగిపోదు. దాని అర్థం కంటికట్టు రోజుల్లో అతనే చెప్పాడు. “ఎన్ కొట్టు కాంతం. ఏం పోదు. అక్కడే ఉంటుంది.”

అక్కడే ఉంటుంది. ప్రార్థన మనవులు పంపే ప్రతిసారీ పైన్ అడిగేది, ఆమె ఎన్ కొట్టేది. లోపల ఏముందో చూడలేదు. తెరిస్తే అదే ఆఖరి మాట అవుతుంది. తెరవనంత కాలం, అన్నం తిని వచ్చి మిగతాది రాస్తాడన్నట్టే ఉంటుంది. కొన్ని మధ్యాహ్నాలు ఎవరికీ రాసే పని లేకపోయినా ఫోను తీగ తగిలించి, సి కొట్టి, ఆ ప్రశ్న వెలగడం చూసి, ఎన్ కొట్టి, తెర ఆపేసేది. ఆపాక నల్లటి అద్దంలో కుర్చీ కనబడేది. కుర్చీలో తనే ఉండేది. అయినా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకునేది.

గ్యాసుబండవాడు వచ్చి “సార్ లేరామ్మా?” అంటే, “పైన్‌లో ఉన్నారు” అనేసింది. అతను ఇంటి కప్పు వైపు చూసి, బండ దించి, గబగబా వెళ్ళిపోయాడు.

సంఘం సెక్రటరీ జోగారావు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికి వచ్చాడు. జుబేదా అప్పటికే గుమ్మంలో కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది.

“వందనాలమ్మగారూ. చెప్పలేక చెబుతున్నాను. ఆ మెయిళ్ళ మీద పేరు మార్చాలి. వారం వారం శేఖర్ గారి దగ్గర్నుంచి వస్తుంటే మా ఆవిడ కంప్యూటరున్న గదిలోకి అడుగుపెట్టడం లేదు. ఆ గది ఊడవడం కూడా నేనే.”

“ఊడిస్తే ఏం బోయింది సార్? చేతులున్నయి గద” అంది జుబేదా తలెత్తకుండానే.

“నవ్వులాట కాదమ్మా. మళ్ళీ కలుద్దాం అంటున్నారు. ఎవరిని? ఎప్పుడు? నాకు షుగరూ బీపీ రెండూ ఉన్నాయి.”

“గట్లైతే మిమ్మల్నే ముందుగాల పిలుస్తడు.”

“జుబేదా!” అంది కాంతమణి. తర్వాత నేల చూస్తూ, “మారుస్తాను అన్నయ్యగారూ” అంది.

మార్చలేదు. ఆ పేరు తీసేస్తే ఆ తెర ముందు కూర్చునేది తనొక్కతే.

ఆ వారంలోనే ఆలిస్ టీచర్ దగ్గర్నుంచి మొదటి జవాబు వచ్చింది. ఆలిస్ టీచర్ చిన్నప్పుడు జ్ఞానశేఖర్‌కు పాఠాలు చెప్పింది. ఎనభై దాటాయి. యాప్రాల్‌లో ఒక్కతే ఉంటుంది. పొద్దున పూట మార్త అనే మనిషి వచ్చి వండిపెట్టి పోతుంది. చెవులు బొత్తిగా వినపడవు, అందుకని ఫోనుతో పనిలేదు. తిరుమలగిరిలో మిలిటరీ ఆఫీసులో పనిచేసిన తమ్ముడు వదిలిపోయిన కంప్యూటరులో జ్ఞానశేఖరే పైన్ పెట్టి, కాగితం మీద మీటల పేర్లు పెద్దగా రాసి గోడకు అంటించి వచ్చాడు.

‘శేఖర్, నీ కబురు అందింది. క్షేమంగా చేరావు, సంతోషం. నా మోకాళ్ళు అలాగే ఉన్నాయి.’

కాంతమణికి చాలా రోజుల తర్వాత నవ్వు వచ్చింది. టీచరుగారిది ముందునుంచీ ఎత్తిపొడుపు మాటే. తన తప్పుకు చురక వేసిందనుకుంది. కొన్నాళ్ళకు ఇంకొకటి వచ్చింది.

‘అక్కడ మావారు కనిపించారా? మనిషి పొట్టి. ఎడమ పాపిడి.’

ఈసారి నవ్వు రాలేదు. ఇలా కాదు టీచర్ గారూ, నేను కాంతమణిని అని రాయాలని సి కొట్టింది. పైన్ అడిగింది, ఎన్ అంది. ‘లేదు టీచర్ గారూ’ అని కొట్టి, ఆ తర్వాతి మాట వెతుక్కుంటూ ఆగింది. ఆగితే గదిలో ఏదో కొబ్బరినూనె వాసన. అతను తలకు రాసుకునేది. తలుపు మూసే ఉంది. వేళ్ళు వాటంతటవే కంట్రోలు మీదికి వెళ్ళాయి, ఎక్స్ కొట్టాయి, వై కొట్టాయి. ‘లేదు టీచర్ గారూ’, కింద గీత, ‘మళ్ళీ కలుద్దాం. మీ జ్ఞానశేఖర్.’ వెళ్ళిపోయింది.

తను పంపలేదని కాదు. పంపేటప్పుడు, అతను చెబుతుంటే కొట్టినట్టే ఉంది. ఆ క్షణం అంత బాగుంది గనకే ఆమెకు భయం వేసింది.

జవాబు వచ్చింది. ‘వెతుకు. తొందర లేదు.’

మూడోది శుక్రవారం వచ్చింది.

‘శేఖర్, గుండె మాత్రలు ఆపేశాను. ప్రయాణానికి సిద్ధపడేవాళ్ళకు అవెందుకు? మార్తకు చెప్పలేదు. మళ్ళీ కలుద్దాం అని ఊరికే రాసే మనిషివి కావు నువ్వు.’

కాంతమణి కుర్చీ తెర దగ్గరికి లాక్కుంది. ఇక పేరు మార్చాల్సిందే. కానీ మార్చే చోట అడుగుపెడితే, ఆ పక్కన పెట్టింది చెరిగిపోతుందేమో! వద్దంటే చెరిగిపోదన్నాడు గాని, పేరు తీసేస్తే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంది. మొదటి తెర మీద సెటప్ అనే మాట ఎదురుగా ఎస్ అక్షరం ఉంది. కొట్టింది. చిక్కుడుకాయల సాయంత్రం చూసిన వరుసలు ఒక్కొక్కటే వచ్చాయి. వాటిలో అతని పేరు. దాన్ని తీసేసి ‘కాంతమణి’ అని కొట్టింది. పాతవాటి చోట కొత్తవి ఉంచనా అని అడిగింది. కళ్ళు మూసుకుని వై కొట్టింది.

బయటికి వచ్చి సి కొట్టింది. కింద వరుస వెలిగింది. పక్కన పెట్టిన ఉత్తరం ఒకటుంది.

ఉంది. పోలేదు. ఎన్ కొట్టి, ఊపిరి పీల్చుకుని రాసింది. ‘టీచర్ గారూ, నేను కాంతమణిని. మీకు రాసింది నేనే. ఆయన లేరు. మాత్రలు వేసుకోండి.’ పంపింది. ఆమె కాఫీ పెట్టుకుని వచ్చేలోపు జవాబు వచ్చింది.

‘కాంతమణీ! నువ్వూ వెళ్ళిపోయావా! ఎవరూ చెప్పలేదే! పైన నువ్వు, కింద శేఖర్, ఇద్దరూ ఒక్కచోటే ఉన్నారు. అదే చాలు. నేనూ వచ్చేస్తున్నాను.’

కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది. పేరు మార్చింది. సంతకం మార్చలేదు. శుభలేఖ అంచున తీగ అలాగే వెళ్ళింది.

ఎదురు వాటా తలుపు కొట్టి, గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పింది. జుబేదా పొయ్యి మీది గిన్నె దించి బుర్ఖా అందుకుంది.

“నడు అక్కా, నేను సుత వస్త. నువ్వు ఒక్కదానివే పోయి నిలవడితే గా ముసలామె నిజంగనే దయ్యమొచ్చింది అనుకుంటది.”

“నువ్వుంటే అనుకోదా?”

“దయ్యాలు బుర్ఖా ఏస్కొని బస్సుల రావు గద.”

బస్సు తిరుమలగిరి దాటి, మిలిటరీ గోడల వెంట, ఎక్కడా దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ లేని రోడ్డున పోయింది. కాంతమణి కిటికీలోంచి చూడలేదు. ఇంకా ఉంటే చాలు, ఇంకా ఉంటే చాలు అనుకుంటూ కూర్చుంది. జుబేదా ఆమె చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది.

తలుపు తీసే ఉంది. ఆలిస్ టీచర్ మంచం మీద కూర్చుని ఉంది, ఉతికిన తెల్లచీర కట్టుకుని, కాళ్ళకు మేజోళ్ళు వేసుకుని, పక్కన బైబిలూ కళ్ళజోడు పెట్టెతో, బండి కోసం చూసేవాళ్ళలాగా. పెదాలు నల్లబడి ఉన్నాయి. కాంతమణిని చూసి జడుసుకోలేదు. చెయ్యి చాపింది.

“వచ్చావా? తనేడీ?”

కాంతమణి దగ్గరికి వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది. ముసలామె ఉలిక్కిపడింది. రెండో చేత్తో ఆమె మణికట్టు తడిమింది, మోచెయ్యి తడిమింది.

“వెచ్చగా ఉన్నావే! పోలేదా నువ్వు?”

లేదన్నట్టు తల ఊపింది. టీచరు ఆమె పెదాలకేసి చూస్తూ అడిగింది. “శేఖర్?”

“పోయారు.”

“మరి రాసిందెవరు?”

కాంతమణి తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

ఆలిస్ టీచర్ పట్టుకున్న చెయ్యి వదిలేసింది. ఆమె గొంతు, వినపడని వాళ్ళ గొంతులా, గదికి మించి పెద్దగా వచ్చింది. “మావారు కనిపించలేదన్నది కూడా నువ్వేనా? ఇన్నేళ్ళకు ఒకరు నిజంగా వెళ్ళి, వెతికి చెబుతున్నారనుకున్నాను.”

కాంతమణి నేల మీద కూర్చుని ఆమె మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది. భర్త పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. జుబేదా ఇల్లంతా వెతికి, బియ్యం డబ్బా వెనక దాచిన మాత్రలు తెచ్చి, నీళ్ళ గ్లాసుతో ఎదురుగా నిలబడింది.

“ఇవి వేసుకుంటే ఇక్కడే ఉండాలి” అంది ఆలిస్ టీచర్.

కాంతమణి తలెత్తి, ఒక్కో మాటా విడదీసి, పెదాలు కనపడేలా చెప్పింది. “ఉండండి. నేనూ ఉంటున్నాను కదా.”

టీచరు ఆ మాట చూసింది. మాత్ర నోట్లో వేసుకుని, మొహం చిట్లించి మింగింది. “అన్నీ నమ్మేశానని కాదే” అంది తర్వాత, కొంచెం సిగ్గుపడుతూ. “నమ్మితే బాగుండుననిపించింది.”

“నాకూ.”

“ఆ కింద మాట ఎవరిది? అతనిదేనా?”

“మాట నాది. పేరు ఆయనది.”

“అయితే మాట ఉంచు. పేరు తియ్యి. సంతకం ఎప్పుడూ రాసినవాళ్ళది ఉండాలి. నేను వాడికి మూడో తరగతిలోనే చెప్పాను.”

సాయంత్రం మార్తకు కబురు పెట్టి, డాక్టరును పిలిపించి, ఆయన ఫరవాలేదన్నాక గాని వాళ్ళు బయల్దేరలేదు.

మర్నాడు శనివారం మధ్యాహ్నం కాంతమణి అన్నం తిని, చెయ్యి కడుక్కుని, తెర ముందు కూర్చుంది. సంతకం దగ్గరికి వెళ్ళి అతని పేరు తీసేసి తన పేరు కొట్టింది. బయటికి వచ్చి సి కొట్టింది. పైన్ అడిగింది.

ఈసారి వై కొట్టింది.

ఏముందని! ఎప్పటిలాంటి ప్రార్థన మనవులే. రైల్వే పరీక్ష రాసినవారి కొరకు. డోరాగారి కాన్పు కొరకు. గుడి పైకప్పు కారుచున్నది గనుక వర్షములు ఆలస్యమగునట్లు. చివర, ‘మన సంఘములోని వృద్ధుల కొరకు, ఒంటరిగా నున్నవారి కొరకు, ముఖ్యముగా’ అని ఉంది. అక్కడ ఆగింది. అక్కడే ఆమె అన్నానికి పిలిచింది. కింద గీత. ‘మళ్ళీ కలుద్దాం. మీ జ్ఞానశేఖర్.’ మార్చినా ఇక్కడ మారలేదు. ఇది అతను పెట్టుకున్నది.

డోరాకు కూతురు పుట్టింది. వర్షాలు పడి, గుడి కారి, బాగు కూడా చేశారు.

ముఖ్యముగా ఎవరి కొరకు? తెర చెప్పలేదు. కర్సరు ఆ మాట పక్కనే ఆరుతూ వెలుగుతూ ఉంది, ఎవరో గుమ్మంలో నిలబడి లోపలికి రానా అన్నట్టు. పక్క లైనులో రైలు వెళ్ళింది, కిటికీ ఊచలు అదిరాయి. కాంతమణి మీటల మీద వేళ్ళు ఆనించింది. మళ్ళీ పక్కన పెట్టెయ్యొచ్చు. ఏమీ పోదు. రేపు కూడా అడుగుతుంది. అవతల యాప్రాల్‌లో ఒకామె ఆశ చంపుకుని మాత్ర మింగింది.

‘ముఖ్యముగా’ పక్కన ‘ఆలిస్ టీచర్ గారి కొరకు’ అని కొట్టింది. కింది వరుసలో, ‘ముఖ్యముగా అన్నంతవరకు జ్ఞానశేఖర్ గారు రాశారు. తరువాతది కాంతమణి’ అని కొట్టింది. గీత కిందికి వెళ్ళి అతని పేరు మీద ఆగింది. వెనకనుంచి ఒక్కో అక్షరం చెరిపింది. పేరు పొట్టిదవుతూ పొట్టిదవుతూ ఒక్క అక్షరం మిగిలింది. దాన్ని కాసేపు అలా ఉంచింది. తర్వాత అదీ తీసి, తన పేరు పెట్టింది.

‘పంపనా?’

“ఊఁ” అంది పైకే, వై కొట్టింది.

“అక్కా, ఏం జేస్తున్నవ్?” ఎదురు వాటాలోంచి జుబేదా కేక.

“పైన్‌లో ఉన్నా!”

అలవాటుగా ఇంకొకసారి సి కొట్టింది. కింది వరుస కోసం చూసింది. వరుస వెలగలేదు. ఏమీ అడగలేదు. తిన్నగా ఖాళీ కాగితం వచ్చి, ఎవరికి అన్నచోట కర్సరు నిలబడింది.